రెండు ఇటుకల ఎత్తు

మార్చిలో ఆరు రోజులు
రేణిగుంటలో లేచిన చిన్న విమానం
తిరుపతి మీద మడక దున్నినట్టు తిరిగింది,
సాలు పక్కన సాలు.
దాని కడుపులోంచి సెకనుకు లక్షలసార్లు
వెలుతురు కిందికి దూకి
తగిలినదాన్ని తాకి వెనక్కి వచ్చింది.
వచ్చిన ప్రతి చుక్కకీ ఒక ఎత్తు.
ఆ చుక్కలకు పేర్లు పెట్టడం నా ఉద్యోగం.

నేలయితే రెండు. చెట్టయితే ఐదు.
కట్టడమైతే ఆరు.
నీళ్ళకూ ఒక అంకె ఉంది,
వాడేది తక్కువ.
ఈ లేజరు వెలుతురును నీళ్ళు తాగేస్తాయి,
తిరిగి పంపేది ఏ కొంచెమో.
తెరమీద చెరువంటే
చుక్కలు లేని నల్లటి చోటు.
కొత్తలో దాన్ని యంత్రం తప్పనుకున్నాను.
"ఏమీ లేనట్టుంది చూడు, అదేనమ్మా నీళ్ళు"
అంది మా సీనియర్ మునికుమారి, టీ ఊదుకుంటూ.

ఈతమాకుల వంక కొండ దిగి
స్వర్ణముఖిలో కలిసేదాకా ఆరు కిలోమీటర్లు.
పాత పటంలో పద్దెనిమిది మీటర్ల వెడల్పు.
ఇప్పుడు బైపాస్ కింద రెండు తూముల్లో దూరుతుంది,
కల్యాణమండపం వెనక మురుక్కాలవ అవుతుంది,
ఆ తర్వాత కనబడదు.

ఆరు అంకెను దాచాను.
ఊరు లేచిపోయింది,
లాడ్జీలు, సెల్ టవర్లు, సింటెక్సు ట్యాంకులతో సహా.
ఐదును దాచాను. చెట్లూ పోయాయి.
ఇళ్ళ కింది నేలను యంత్రం చూడలేదు,
చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఊహిస్తుంది.
ఆ వట్టి నేలమీద పలచటి పల్లం ఒకటి,
నిద్రలేచిన చెంపమీద చాప అచ్చులాగా,
పామ్ గ్రీన్స్ మూడో వీధి గుండా,
పదకొండో ప్లాటు గుండా.

పదకొండు మాదే.
ఇరవై ఏళ్ళ లోను.
వాస్తు చూపించాం.
ఆగ్నేయంలో వంటిల్లు, ఈశాన్యంలో బోరు.
వంక ఏ మూలన ఉండాలో ఆయన చెప్పలేదు,
మేం అడగలేదు.
ఈతమాకులు పామ్ గ్రీన్స్ అయినప్పుడైనా
అనుమానం రావాల్సింది.

కొత్త సర్వేలోంచి తొమ్మిదేళ్ళ కిందటిదాన్ని తీసేస్తే
మన్ను పోయినచోట ఎరుపు, పోసినచోట నీలం.
మా వీధి పొడుగునా నీలం,
ముచ్చటగా, నిజం నీళ్ళలాగే.
దిగువన ఎరుపు.
మా సిమెంటు రోడ్లు ఇంకనివ్వని వానంతా
అక్కడికి ఒక్క ఉరుకున పోయి గట్టు కోస్తోంది.
మీటరున్నర లోతు, చెబుతోంది లైడార్.

ఎరుపు నిజమో కాదో చూడ్డానికి
జీపీఎస్ కర్ర భుజాన పెట్టుకుని వెళ్ళాను.
గట్టుమీద ఒకటే రేకుల ఇల్లు, దేశమ్మది.
మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు.
"ఎందుకవ్వా?"
"ముందు ఒకటే పెడతా ఉంటి.
కార్తీకానికి పెట్టి మాఘానికి తీసేది.
పైన మీ కాలనీ లేచినంక రెండు.
తీసేది మానుకున్యా."
"రెండు చాలని ఎవరు చెప్పినారు?"
"ఎవురు చెప్పల్ల? తడిసిన పరుపు చెప్పింది."
కొలిచాను. ఆమె ఇటుక ఏడున్నర సెంటీమీటర్లు.
మా కొలత అటూ ఇటూ పదిహేను తప్పొచ్చని
నివేదిక చివర చిన్న అక్షరాల్లో రాస్తాం.

మూడో వీధిని ఏమని రాయాలి
అని మునికుమారి అడిగింది.
మెరక చేసిన నివాసస్థలమనా,
పూడ్చిన వంక అనా?
కొన్న ఇంటికి వంక పెట్టకూడదంటారు.
నేను పెట్టలేదు.
అది ముందే ఉంది.
రెండోదే రాసి, సంతకం చేసి,
పెన్ను మూత కోసం చాలాసేపు వెతికాను.

ఆ రాత్రి పిట్టగోడ కట్టగా మిగిలిన ఇటుకలు తెచ్చి
ఫ్రిజ్జు కింద దూరుస్తుంటే
ఢిల్లీబాబు నిద్రకళ్ళతో వచ్చి
ఒక పక్క ఎత్తి పట్టుకున్నాడు.
ఎందుకిది అన్నాడు.
ఊరికే అన్నాను.
రెండో ఇటుక చేతికి తీసుకునేసరికి
"ఒకటి చాల్దా?" అన్నాడు.